డబ్బు ముట్టింది, పత్రిక ముట్టలేదు

సర్క్యులేషన్ మేనేజర్ గారికి,
(ఆ సీట్లో ఇప్పుడు ఎవరున్నారో మీ వాళ్లెవరూ చెప్పలేదు. ఎవరుంటే వారికి.)

విషయం: మీ రాజకీయ వారపత్రిక అందకపోవడం గురించి, ఎందుకు అందడం లేదో చెప్పే నాథుడు లేకపోవడం గురించి.

అయ్యా,

నేను మీ పాత చందాదారుడిని. చందా నంబరు మాత్రం ఈ ఉత్తరంలో రాయను. ఫోన్ చేసిన ప్రతిసారీ మొదట అదే అడిగారు, ప్రతిసారీ ఒక్కో అంకె విడగొట్టి చెప్పాను. ఈపాటికి మీ ఆఫీసుకు టీ తెచ్చే కుర్రాడికి కూడా అది నోటికొచ్చి ఉండాలి.

పత్రిక ఆలస్యమైతే కోపం తెచ్చుకునే మనిషిని కాను. వరదలొస్తాయి, పోస్టల్ సమ్మెలుంటాయి, మీకూ కష్టాలుంటాయి. నా బాధ అది కాదు. పత్రిక రాలేదని చెప్పిన మనిషిని మీరు చూసిన తీరు బాధ.

మొదటిసారి ఒక అమ్మాయి మాట్లాడింది. మంచి మర్యాదగల పిల్ల. "మీకు డెలివర్డ్ అని చూపిస్తోంది సార్" అంది. నా చేతికి రాలేదమ్మా అన్నాను. "సిస్టమ్‌లో డెలివర్డ్ అనే ఉంది సార్" అంది. మా పోస్ట్‌మ్యాన్ అప్పుడు నా కొట్లోనే కూర్చుని ఉన్నాడు, ఫోన్ ఆయనకే ఇచ్చాను. నేను ఇవ్వలేదమ్మా, నా సంచిలో ఆ పత్రికే లేదని ఆయనే చెప్పాడు. "సరే సార్, కానీ సిస్టమ్‌లో..." అంది. ముప్పై ఏళ్లుగా ఈ వీధిలో ఉత్తరాలు పంచుతున్న మనిషి మాట కంటే మీ సిస్టమ్ మాటకే విలువ అన్నమాట.

తర్వాత ఒక అబ్బాయి. "ఏ ఎడిషన్ సార్?" అన్నాడు. వారపత్రికకు ఎడిషనేంటి బాబూ అంటే, "జిల్లా చెప్పండి" అన్నాడు. గుంటూరు అన్నాను. "తెనాలి గుంటూరులోకే వస్తుందా సార్?" అని అడిగి, నన్ను లైన్లో ఉంచి, ఎవరినో కనుక్కోవడానికి వెళ్లాడు. అతను తిరిగి రాలేదు. నా కాల్ మీకెంత విలువైనదో చెప్పే రికార్డు మాత్రం విసుగూ విరామమూ లేకుండా మోగింది. ఆ గొంతు ఎవరిదో గానీ, మీ కంపెనీలో డ్యూటీ సరిగ్గా చేస్తున్నది ఆవిడొక్కతే.

మెయిల్ పెట్టమన్నారు, పెట్టాను. 48 గంటల్లో సంప్రదిస్తామని క్షణంలో జవాబొచ్చింది. సంప్రదించలేదు. కొన్నాళ్లకు మరో మెయిల్: "మీ సమస్య పరిష్కారమైంది. మా సేవకు ఎన్ని స్టార్లు ఇస్తారు?" ఎవరికి పరిష్కారమైంది? నా ఫిర్యాదును మూసేసినవాడికైతే నిజంగానే పరిష్కారమై ఉంటుంది.

ఇంతలో ఒక ప్యాకెట్ వచ్చింది. దాని గురించి మీకు చెప్పి తీరాలి. పైన నా పేరు, వీధి, పిన్‌కోడు, "కాలువ పక్కన" అనే గుర్తుతో సహా అంతా సరిగ్గా ఉంది. విప్పితే లోపల మూడు నెలల కిందటి సంచిక, నేను ఎప్పుడో చదివేసినది. ముఖచిత్రం మీద పత్రిక పేరుండే పై అంచును కత్తెరతో నీటుగా కత్తిరించి ఉంది. మా ఊరి ఏజెంటుకు చూపిస్తే పడీపడీ నవ్వాడు. "ఇది అమ్ముడుపోక వెనక్కిపోయిన కాపీ అండీ, మీ నోరు మూయించడానికి పంపినట్టున్నారు" అన్నాడు. పోనీ నువ్వయినా కొత్త సంచిక తెప్పించవయ్యా అంటే, "పోస్టు చందాలతో నాకేం సంబంధం లేదండీ, పైవాళ్లనే అడగండి" అన్నాడు. ఆ పైవాళ్లు ఎవరో అతనికీ తెలియదు.

ఆ కత్తిరించిన కాపీ గురించి చెప్పడానికి మళ్లీ ఫోన్ చేస్తే, ఈసారి ఇంకో ఆయన. పెద్దమనిషి గొంతు. హమ్మయ్య, వయసున్న మనిషి దొరికాడనుకున్నాను. అంతా ఓపిగ్గా విని, "బదులుగా మా భక్తి మాసపత్రిక పంపమంటారా?" అన్నారు. నాకు భక్తి లేక కాదు. నేను ఎదురుచూస్తున్నది కృష్ణా జలాల మీద మీరు వేస్తామన్న ప్రత్యేక సంచిక కోసం. ఆ ముక్క చెబితే "నీళ్ల గురించా సార్? అదైతే యూట్యూబ్‌లో బోలెడుంటుంది కదా" అన్నారు. మీ పత్రికలో జీతం తీసుకుంటూ అన్న మాట ఇది!

ఆయనకు చెప్పే ఓపిక అప్పుడు లేకపోయింది, మీకు చెబుతున్నాను. మాది ఎరువుల కొట్టు. కృష్ణా పశ్చిమ డెల్టా కాలువలకు నీళ్లెప్పుడు వదులుతారన్నది తేలేదాకా మా కొట్లో బస్తా కదలదు. వచ్చిన రైతులు బెంచీ మీద కూర్చుని మీ పత్రిక చదివేవారు, చదవలేనివారికి పక్కవారు చదివి చెప్పేవారు. కృష్ణా నీళ్లు పంచిన బచావత్ ట్రిబ్యునల్ ఉమ్మడి రాష్ట్రానికిచ్చిన 811 టీఎంసీలు (టీఎంసీ అంటే వంద కోట్ల ఘనపుటడుగుల నీరు), విడిపోయాక 2015లో తాత్కాలికంగా అనుకున్న ఆంధ్రకు 512, తెలంగాణకు 299 లెక్క, పరీవాహక ప్రాంతాన్ని బట్టి మళ్లీ పంచాలని తెలంగాణ ఎందుకు అడుగుతోంది, 2023లో కేంద్రం కృష్ణా మీదే తర్వాత వేసిన బ్రిజేష్ కుమార్ ట్రిబ్యునల్‌కు కొత్తగా ఏం అప్పగించింది, ఇవన్నీ మా బెంచీకి తెలిసింది మీ వ్యాసాల వల్లే. అవతలి రాష్ట్రం వాదన కూడా తిట్టకుండా, వంకర తిప్పకుండా రాసేవారు, అందుకే మీదంటే గౌరవం. టీవీ పెడితే నలుగురు ఒకేసారి అరుస్తారు. ఫోన్ తెరిస్తే వీళ్ల పార్టీవాడు పంపింది ఒకటి, వాళ్ల పార్టీవాడు పంపింది ఒకటి. రెండూ చదివినా టీఎంసీ అంటే ఎంత నీరో తెలియదు. రేపు నియోజకవర్గాల పునర్విభజన వస్తోంది. 1971 జనాభా లెక్కల మీద ఆగిపోయిన లోక్‌సభ సీట్ల పంపకం కదిలితే దక్షిణాదికి ఏమవుతుందని మావాళ్లు అడుగుతున్నారు. మీ పత్రిక రాక నేను బెంచీ ముందు నోరెళ్లబెట్టుకుని నిలబడ్డాను.

"యాప్‌లో చదువుకోండి సార్, చందాదారులకు ఫ్రీ" అని కూడా ఎవరో అన్నారు. వేసుకున్నాను. ఓటీపీ వచ్చేలోపు గడువు అయిపోతుంది. మా మనవడు ఎలాగో లోపలికి పంపిస్తే, కృష్ణా వ్యాసం మూడు లైన్లు కనబడి "పూర్తిగా చదవడానికి ప్రీమియం తీసుకోండి" అంది. ఆ రోజు నుంచి నోటిఫికేషన్లు మాత్రం ఉచితంగా వస్తున్నాయి. రాత్రి పదకొండు గంటలకు ఫోన్ మోగితే ఏం ఉపద్రవమో అనుకుని చూస్తే, ఏదో సినిమా ఫంక్షన్‌కు హీరోయిన్ కట్టిన చీర ధర! మనవడు నాకేసి ఒక చూపు చూశాడు. దానికి కూడా మీదే పూచీ.

1975 జూన్‌లో ఎమర్జెన్సీ పెట్టినప్పుడు సెన్సారుకు నిరసనగా కొన్ని పత్రికలు సంపాదకీయం చోటు ఖాళీగా వదిలేశాయి. ఆ ఖాళీకి ఒక అర్థం ఉంది. మీరు ఏ సెన్సారూ లేకుండానే సంచిక మొత్తాన్ని ఖాళీ చేసి చూపించారు. ఆ విషయంలో మీరు అందర్నీ మించిపోయారు.

ఇక మీ సంస్థలో అన్నిటికంటే చక్కగా పనిచేసే విభాగాన్ని మెచ్చుకోకపోతే పాపం తగులుతుంది. చందా గడువు ముగియడానికి ఇంకా చాలా ఉండగానే "రెన్యూ చేసుకోండి, 20 శాతం తగ్గింపు" అని మెసేజ్ వస్తోంది. పండక్కీ వస్తోంది, అమావాస్యకీ వస్తోంది. నా పేరులో అక్షరం తప్పు కూడా పోవడం లేదు. పత్రిక పంపేవాళ్లను తీసేసి ఆ మెసేజ్ పంపేవాళ్లకే ఆ పని అప్పగిస్తే మా ఊరికి మంగళవారానికల్లా పత్రిక వచ్చేస్తుంది.

మీ పత్రికకు మొదట చందా కట్టింది మా నాన్నగారు. ఆయన పోయాక పేరు మార్పించుకుని నేను కడుతున్నాను. ధర పెంచారు, కట్టాను. పేజీలు తగ్గించారు, ఊరుకున్నాను. కాగితం పల్చబడితే ఏదో ఇబ్బందిలో ఉన్నారులే అని మా బెంచీ ముందు మిమ్మల్నే వెనకేసుకొచ్చాను. అలాంటి వాడికి కత్తిరించిన కాపీ పంపుతారా?

రాని సంచికలన్నీ పంపండి. కృష్ణా సంచిక మాత్రం రెండు కాపీలు పంపండి, బెంచీకి ఒకటి కావాలి. పంపడం కుదరకపోతే మిగిలిన చందా వెనక్కివ్వండి. అది కూడా కుదరదంటే వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేస్తాను, అక్కడా తేలకపోతే గుంటూరు వినియోగదారుల కమిషన్‌లో కేసు వేస్తాను. 2019 చట్టం ప్రకారం నేనున్న చోటే వేయొచ్చు, మీ హెడ్డాఫీసు ఊరికి రానక్కర్లేదు. ఐదు లక్షల లోపు వ్యవహారాలకు ఫీజు కూడా లేదు. ఈ సంగతి చెప్పింది కూడా మీ పత్రికే, పాత సంచికలో పేజీ మడిచి పెట్టుకున్నాను. కేసు కాగితాలతో పాటు ఆ పేజీనీ, పేరు కత్తిరించిన మీ కాపీనీ జతచేస్తాను.

జవాబు రాస్తే కింద "కస్టమర్ కేర్ టీమ్" అని పెట్టకండి. ఒక మనిషి పేరు, నేరుగా ఎత్తే ఫోన్ నంబరు రాయండి. ఎన్ని స్టార్లు ఇవ్వాలో అప్పుడు ఆయనకే చెబుతాను.

ఇట్లు,
మీ చందాదారుడు,
ఎరువుల కొట్టు, కాలువ పక్కన, తెనాలి.

తా.క. ఈ ఉత్తరం స్పీడ్ పోస్టులో, అందినట్టు రుజువు వచ్చేలా పంపుతున్నాను. కాబట్టి "మాకు అందలేదు సార్" అనే అవకాశం మీకు లేదు.