పెట్టె మీది అంకెలు చూపించి రీలు కొనిపించకండి

ఎడిటర్ గారికి,

మీ ఆదివారం అనుబంధంలో సముద్రపు ఒడ్డున గాలం వేట గురించి వేసిన వ్యాసం చదివాను. ఇలాంటివి తెలుగు పేపర్లో రావడమే అరుదు, అందుకు సంతోషం. కానీ స్పిన్నింగ్ రీలు, అంటే గాలం కర్రకి బిగించి దారం చుట్టే యంత్రం, ఎలా ఎంచుకోవాలో చెప్పిన పేరా మాత్రం ఏదో ఆన్‌లైన్ అమ్మకాల పేజీలోంచి ఎత్తి పెట్టినట్టుంది. బేరింగులు ఎన్ని ఎక్కువుంటే అంత మంచిదట, డ్రాగ్, అంటే చేప లాగినప్పుడు దారాన్ని బిగువుగా వదిలే బ్రేకు, ఎన్ని కిలోలుంటే అంత గట్టిదట! చెరువు గట్టున కూర్చుని బొచ్చెలు పట్టేవాళ్లకి ఈ సలహా వల్ల పెద్ద నష్టమేమీ లేదు గానీ, భీమిలిలో గోస్తనీ మొగ దగ్గరో తెన్నేటి పార్కు కింద రాళ్ల మీదో నిలబడి పది ఇరవై గ్రాముల ల్యూర్లు (చేపని మోసం చేసే బొమ్మ ఎరలు) విసిరే కుర్రాళ్లు ఇది నమ్మి కొంటే డబ్బులు దండగే.

ముందు డ్రాగ్ సంగతి. తేలికపాటి వేటకి మనం వాడేది పీఈ 0.8 (దారం మందం చెప్పే అంకె) బ్రెయిడ్, అంటే పదిహేను పౌండ్ల అల్లిక దారం, దాదాపు 7 కిలోల దగ్గర తెగుతుంది. అందులో మూడో వంతుకో నాలుగో వంతుకో డ్రాగ్ బిగించుకోవాలన్నది వేట తెలిసినవాళ్లందరూ చెప్పే మాటే. లెక్క వేసుకోండి, రెండు కిలోలు. మరి పెట్టె మీద 10 కిలోలని ఉంటే ఏంటి, 15 అని ఉంటే ఏంటి? చూడాల్సింది ఆ రెండు కిలోల దగ్గర దారం ఎంత నున్నగా జారుతోందన్నది. షాపులో అయిదు నిమిషాల పని. స్పూల్ మీద, అంటే దారం చుట్టుకునే కండె మీద, కాస్త దారం చుట్టించి, రీలుని రాడ్‌కి బిగించి, లగేజీ తూచే కొక్కెం త్రాసుకి దారం కొస కట్టి, డ్రాగ్‌ని రెండు కిలోల దగ్గర జారేలా సర్ది, మెల్లగా లాగండి. ముల్లు రెండు దగ్గరికి వచ్చాక దారం జారుతూ ముల్లు అక్కడక్కడే నిలబడితే ఆ డ్రాగ్ మంచిది. మూడుకి ఎగబాకి, టక్కున వదిలి, ఒకటిన్నరకి పడి మళ్లీ ఎక్కుతుంటే ఆ రీలు అక్కడే పెట్టేసి రండి. బ్రెయిడ్‌కి తంగూసులా (నైలాన్ దారంలా) సాగే గుణం లేదు, కాబట్టి పండుగప్ప తల విదిలించినప్పుడు ఆ కుదుపంతా నేరుగా గాలం ముల్లు మీదా ముడి మీదా పడుతుంది.

ఇక బేరింగులు. పన్నెండు, పదమూడు అని పెద్ద అక్షరాలతో వేసి రెండు వేల లోపు అమ్ముతున్నారంటే ఆ బేరింగులు ఏ రకానివో వేరే చెప్పాలా? ఉప్పునీళ్లకి తట్టుకోని బేరింగ్ ఒక్కొక్కటీ తుప్పు పట్టడానికి ఒక్కో చోటు. పెద్ద గేరుకి రెండు వైపులా, పినియన్ అనే చిన్న గేరు దగ్గర, దారం తిరిగే లైన్ రోలర్ దగ్గర మంచివి పడితే చాలు, హ్యాండిల్ గుబ్బలో ఉన్నా లేకపోయినా చేపకి తెలియదు. వీటన్నిటిలో ముందు పోయేది లైన్ రోలరే. తడిసిన దారం మోసుకొచ్చే ఉప్పంతా దాని మీదుగానే పోవాలి, ఆరిపోయాక లోపల తెల్లగా పేరుకుంటుంది. ఒకరోజు తిరగడం మానేస్తుంది, మీరు గమనించరు. దారం మాత్రం ఒకే చోట రాసుకుంటూ పోతుంది, తర్వాత ల్యూరు విసరగానే తెగి ఎగిరిపోయినప్పుడు బ్రెయిడ్‌ని తిట్టుకుంటాం. కొనేటప్పుడు ఆ రోలర్ మీద దారం వేసి, కాస్త బిగువుగా లాగి, తిరుగుతోందో లేదో కళ్లతో చూడండి. విప్పడానికి స్క్రూ సులువుగా అందుతోందా అని కూడా చూడండి, ఎందుకంటే దానికి అప్పుడప్పుడూ ఒక చుక్క నూనె మీరే వేసుకోవాలి.

లోపలికి నీళ్లు పోకుండా చేసే సీలింగ్ విషయంలో మీ వ్యాసం అసలు నోరు విప్పలేదు. పెన్ స్పిన్‌ఫిషర్ 6 లాంటి రీళ్లకి ఐపీఎక్స్5 సీలింగ్ ఉంది. అలలు మీద పడే రాళ్ల దగ్గర అది బాగా పనికొస్తుంది, కానీ ఐపీఎక్స్5 అంటే అన్ని వైపుల నుంచీ నీళ్లు చిమ్మినా తట్టుకుంటుందని, నీళ్లలో ముంచవచ్చని కాదు. పైగా ఆ స్పిన్‌ఫిషర్‌లో 2500 సైజు రీలే మూడు వందల గ్రాములు దాటుతుంది. అదే సైజు షిమానో స్ట్రాడిక్ రెండు వందల పాతిక గ్రాముల చుట్టుపక్కల ఉంటుంది. ఈ కాస్త తేడాయేగా అనుకోకండి, ల్యూరు వేటంటే పొద్దుటి నుంచీ విసరడం, చుట్టడం, మళ్లీ విసరడం. సాయంత్రానికి మణికట్టు చెబుతుంది. డైవా కంపెనీ మాగ్‌సీల్డ్ రకం సీలింగ్ బాగానే ఉంటుంది గానీ అందులో ఉండేది అయస్కాంతం పట్టి ఉంచే ప్రత్యేకమైన నూనె, ఒకసారి విప్పితే ఇంట్లో మళ్లీ నింపుకోలేం, కంపెనీ సర్వీసుకి పంపాల్సిందే. మన ఊళ్లలో అలాంటి సర్వీసు ఎంత దూరమో మీకూ తెలుసు. నా మటుకు నాకు, నాలుగు స్క్రూలు తీసి గ్రీజు పెట్టుకోగలిగిన మామూలు రీలే నయం. విడి భాగాలు దొరుకుతాయా అని కొనకముందే అడగండి, షాపువాడు నసిగితే సమాధానం దొరికినట్టే.

సైజు 2500 లేదా 3000 సరిపోతుంది, అయితే ఈ అంకె కంపెనీ కంపెనీకీ మారుతుంది. షిమానోలో సీ3000 అంటే 2500 బాడీ మీద 3000 స్పూల్. అంచేత చేత్తో పట్టుకుని చూడాల్సిందే. గేరు నిష్పత్తి, అంటే హ్యాండిల్ ఒక్కసారి తిప్పితే దారం చుట్టే భాగం ఎన్నిసార్లు తిరుగుతుందన్నది, 6కి దగ్గరగా ఉన్నది తీసుకోండి, 2500 సైజులో హ్యాండిల్ ఒక్క చుట్టుకి 85, 90 సెంటీమీటర్ల దారం వస్తుంది. మన తీరంలో అల ల్యూరుని మన వైపే తోసుకొస్తుంది కదా, దారం సడలకుండా లాగాలంటే ఆ వేగం కావాలి, సడలిన దారంతో చేప కొట్టినా చేతికి తెలియదు. హ్యాండిల్ నేరుగా గేరులోకి స్క్రూలాగా బిగిసేదైతే ఊగదు. బ్రెయిడ్ జారకుండా స్పూల్ అడుగున రబ్బరు పట్టీ ఉంటే మంచిది, లేకపోతే ముందు నాలుగు చుట్లు తంగూసు వేసుకోండి, లేదంటే దారం మొత్తం ఒక్క కట్టగా స్పూల్ మీద గిర్రున తిరుగుతుంది, డ్రాగ్ పాడైందనుకుంటారు.

అన్నిటికన్నా నాకు కోపం తెప్పించింది చివరి వాక్యం, వేట అయ్యాక రీలుని బకెట్ నీళ్లలో నానబెట్టి కడగాలట! అలా చేస్తే పైనున్న ఉప్పు కరిగి నీళ్లతో పాటే లోపలికి, గేర్ల దాకా పోతుంది. డ్రాగ్ గుబ్బ పూర్తిగా బిగించి, కొళాయి సన్నగా వదిలి పైపైన కడిగి, గుడ్డతో తుడిచి, తర్వాత వాషర్లు నొక్కుకుపోకుండా గుబ్బ వదులు చేసి నీడలో ఆరబెట్టాలి. పైపుతో జోరుగా కొట్టడం కూడా వద్దు. మిగతా వ్యాసం ఎలా ఉన్నా, ఆ బకెట్ మాట ఒక్కటి మాత్రం వచ్చే ఆదివారం సవరించండి, ఈపాటికే ఎవరో ఒకరు కొత్త రీలు ముంచే ఉంటారు.

ఇట్లు,
ఒక పాఠకుడు, విశాఖపట్నం