పెద్ద నంబరు చూసి బైనాక్యులర్స్ కొనకండి

సంపాదకులకు నమస్కారం.

పక్షులను చూడటం కొత్తగా మొదలుపెట్టేవారికి మీ ఆదివారం అనుబంధంలో ఇచ్చిన సలహాలు చదివాను. పొద్దున్నే వెళ్లమనడం, చప్పుడు చేయొద్దనడం, చూసినవన్నీ నోట్‌బుక్‌లో రాసుకోమనడం బాగున్నాయి. అయితే, బైనాక్యులర్స్ ఎన్ని ఎక్కువ రెట్లు చూపిస్తే పిట్ట అంత బాగా కనిపిస్తుందన్న ఒక్క మాట నా చేత ఈ ఉత్తరం రాయించింది. నేను ఫిజిక్స్ టీచరుగా చేసి రిటైరయ్యాను. కొత్తవాళ్లను వెంటబెట్టుకుని పక్షుల కోసం తిరుగుతుంటాను. ఆ మాట నమ్మి కొన్నవాళ్లు ఎంత తొందరగా విసుగెత్తి మానేస్తారో దగ్గర నుంచి చూస్తున్నాను, అందుకే బాధ.

బైనాక్యులర్స్ మీద 8×42 అని రాసి ఉంటే, 8 రెట్లు పెద్దగా చూపిస్తాయని, ముందు లెన్స్ వ్యాసం 42 మిల్లీమీటర్లని అర్థం. కొనేవాళ్ల చూపంతా మొదటి అంకె మీదే ఉంటుంది. కానీ పిట్టను పెద్దది చేసే అద్దమే మన చేతి వణుకునూ అన్ని రెట్లు పెద్దది చేస్తుంది. పైగా రెట్లు పెరిగేకొద్దీ ఒక్క చూపులో కనిపించే మేర సాధారణంగా తగ్గిపోతుంది. కిలోమీటరు దూరంలో 8 రెట్లవి సుమారు 130 మీటర్ల వెడల్పు చూపిస్తే, 10 రెట్లవి 110 మీటర్లకు అటూఇటూగా ఆగిపోతాయి. కాగితం మీద ఇది చిన్న తేడాయే. ఆకుల మధ్య ఒక్కచోట కుదురుగా ఉండని పిట్టను వెతికేటప్పుడు తెలుస్తుంది దాని సంగతి.

మా గుంపులోకి ఒక టెన్త్ క్లాసు అమ్మాయి 10×25 తెచ్చుకుంది. పొదలో ఉన్న పిట్ట అందరికీ మామూలు కళ్లకే కనిపిస్తోంది. ఆమెకు మాత్రం అద్దాల్లో కొమ్మలు, ఆకులు, మళ్లీ కొమ్మలే. నా 8×42 చేతికిచ్చి, "పిట్ట మీంచి చూపు తిప్పకుండా వీటిని కళ్ల దగ్గరికి తెచ్చుకోమ్మా" అన్నాను. "కంటి చుట్టూ తెల్లటి రింగు ఉంది సార్!" అని అరిచేసింది. పిట్ట ఎగిరిపోయిందనుకోండి, అయినా ఎవరూ ఏమీ అనలేదు.

వెలుతురు సంగతీ చెప్పాలి. 42ని 8తో భాగిస్తే 5.25. బైనాక్యులర్స్ నుంచి మన కంటికి చేరే వెలుగు వృత్తం వ్యాసం అన్ని మిల్లీమీటర్లు. 10×25లో అది 2.5 మాత్రమే. పట్టపగలు మన కంటిపాపే రెండు మూడు మిల్లీమీటర్లకు ముడుచుకుంటుంది కాబట్టి, ఎండలో చూసి "బాగానే ఉన్నాయి కదా" అనుకుని కొనేస్తారు. పక్షులు హుషారుగా తిరిగేది తెల్లవారే వేళ. అప్పుడు కంటిపాప విచ్చుకుంటుంది, చిన్న లెన్స్ ఇచ్చే వెలుగు దానికి చాలదు. రంగులు తెలియక పిట్ట నల్లటి ముద్దలా కనిపిస్తుంది. 42 బరువనిపించేవారు 8×32 తీసుకోవచ్చు, అందులో 4 మిల్లీమీటర్లు వస్తుంది. జూమ్ ఉన్నవి, వంద రెట్లు చూపిస్తామని ప్రకటనలిచ్చేవి మాత్రం వద్దే వద్దు.

నాలాగా కళ్లజోడు పెట్టుకునేవారు ఐ రిలీఫ్ ఎంతో తప్పకుండా అడగాలి. కంటికి, ఐపీస్‌కు (కంటి వైపు ఉండే అద్దానికి) మధ్య ఎంత ఎడం ఉన్నా దృశ్యం మొత్తం కనిపిస్తుందో చెప్పే కొలత అది. 15 మిల్లీమీటర్ల కంటే తక్కువైతే జోడు తీయక తప్పదు, లేదంటే చుట్టూ నల్లగా, మధ్యలో చిన్న గుండ్రం మాత్రమే మిగులుతుంది. కంటి దగ్గరి రబ్బరు కప్పులను కిందికి దించుకుని చూడాలి. చాలామందికి ఈ చిన్న పని ఎవరూ చెప్పరు.

తలనొప్పి వస్తోందని మూలన పడేసేవారు ఒకసారి కుడి ఐపీస్ దగ్గరున్న రింగు చూడండి. కుడి కన్ను మూసి, మధ్య చక్రం తిప్పుతూ దూరంగా ఉన్న బోర్డు మీది అక్షరాలు ఎడమ కంటికి స్పష్టం చేసుకోవాలి. తర్వాత ఎడమ కన్ను మూసి, చక్రం ముట్టుకోకుండా, ఆ రింగుతో కుడి కంటికి సరిచేసుకోవాలి. దాంతో రెండు కళ్ల మధ్య తేడా సర్దుకుంటుంది. అప్పటికీ ఒకే వస్తువు రెండుగా కనిపిస్తుంటే, రెండు గొట్టాల వరుస కలవనట్టే. కొన్న రోజే వెనక్కి ఇచ్చేయడం మేలు.

ఈ వివరాలు మీ అనుబంధంలో మరోసారి వేయండి. మీ సలహాల్లో లేని ఒక హెచ్చరిక కూడా దయచేసి పెద్ద అక్షరాల్లో జత చేయండి: బైనాక్యులర్స్‌తో సూర్యుడి వైపు క్షణం కూడా చూడకూడదు, చూపు శాశ్వతంగా దెబ్బతింటుంది. ఆకాశంలో గద్ద వెంట చూపు తిప్పే పిల్లల పక్కన పెద్దవాళ్లు ఉండాలి.

ఇట్లు,
ఒక రిటైర్డ్ ఫిజిక్స్ టీచరు