ఫేర్‌వెల్ రోజు రాని బస్సు సంగతి

మన దగ్గర బండ్లు మాట్లాడుకునే వాళ్లందరికీ నమస్కారం.

పోయిన శనివారం ఒక స్కూలు పదో తరగతి పిల్లల ఫేర్‌వెల్‌కు మేం నాలుగు బండ్లు పంపాలి. మూడే పంపగలిగాం. 38 మంది మగపిల్లలు గంటా ముప్పావు సేపు స్కూలు గేటు దగ్గరే ఉండిపోయారు. రాత్రి ఇళ్లకు చేరడం కూడా బాగా ఆలస్యమైంది. ఈ సంగతి మన నెల్లూరులోనే పొదలకూరు రోడ్డులో ఒకలా, మాగుంట లేఅవుట్‌లో ఇంకోలా చెప్పుకుంటున్నారని విన్నాను. ఏళ్ల తరబడి మా బండ్లెక్కుతున్న మీకు జరిగింది నా నోటితోనే చెప్పాలనిపించి రాస్తున్నాను.

జనవరి 8న ప్రిన్సిపాల్ మేడమ్ పిలిచి మాట్లాడారు. పిల్లలు 92 మంది, టీచర్లు ఆరుగురు. స్కూలు నుంచి మైపాడు రోడ్డులో ఉన్న ఫంక్షన్ హాలుకు 14 కిలోమీటర్లు. నాలుగున్నరకు బయల్దేరాలి, ఐదున్నరకు ప్రోగ్రాం, రాత్రి తొమ్మిదికి తిరుగు ప్రయాణం. నా సొంత బండ్లలో 26 సీట్ల మినీ బస్సు ఒకటి, 17 సీట్ల ట్రావెలర్లు రెండు, అన్నీ కలిపి 60 సీట్లు. మిగిలినవాళ్లకు 40 సీట్ల బస్సు బయట తీసుకోవాలి. ఆరేళ్లుగా నాకు బస్సులిస్తున్న పక్క ఊరి ఆపరేటర్‌తో ఆ సాయంత్రమే మాట్లాడి 5,000 రూపాయలు అడ్వాన్సు పంపాను.

ఈ తేదీ ఇంత వివరంగా ఎందుకంటే, తల్లిదండ్రుల గ్రూపులో ఒకాయన ‘ఆశకు పోయి, చేతిలో లేని బండ్లకు బుకింగులు తీసుకున్నాడు’ అని పెట్టారు. వేరే వాళ్లు నాకు ఫోన్‌లో చూపించారు. ఆ రాత్రి అన్నం తినబుద్ధి కాలేదు. 2009లో ఒక పాత వ్యానుతో మొదలుపెట్టాను. మాట ఇచ్చి బండి పంపని రోజు అప్పటి నుంచి ఒక్కటి లేదు. ఇప్పుడు ఒకటి వచ్చింది. తిట్టండి, పడతాను. ఆశకు పోయానంటే మాత్రం ఒప్పుకోను. ఆరు వారాల ముందే బస్సుకు డబ్బు కట్టి ఉన్నాను.

ఈసారి మూఢం వల్ల ఆగిన పెళ్లిళ్లన్నీ మూఢం పోగానే ఒక్కసారిగా వచ్చి పడ్డాయి. ఆ శనివారం మంచి ముహూర్తం. మధ్యాహ్నం మూడు దాటాక ఆ ఆపరేటర్ ఫోన్ చేశాడు. “అన్నా, ఏమీ అనుకోబాక. మన బస్సు పెళ్లికి పోయుండాది. వేరే బండి పంపిస్తుండా, నాలుగింటికల్లా వచ్చేస్తాది” అన్నాడు. నా బస్సు పెళ్లికి ఎట్లా పోయిందని అడిగితే “పాత పార్టీ అన్నా, కాదనలేకపోయినా” అన్నాడు. పెళ్లివాళ్లు రెట్టింపు బాడుగ ఇచ్చారని మరుసటి రోజు అతని డ్రైవరే చెప్పాడు. పాత పార్టీ అంటే నేను కాదా? ఆరేళ్లలో ఒక్కసారి కూడా బాడుగ బాకీ పెట్టలేదు. కరోనా తర్వాత అతని బండ్లు షెడ్డులో ఊరికే నిలబడి ఉంటే, నా సొంత బండిని ఆపుకుని అతనికి ట్రిప్పులు ఇప్పించాను. ఇది ఇక్కడ రాయకూడదేమో. కానీ నాకు బాగా తగిలింది ఇదే. అతని పేరు రాయను, ఎవరూ అడగొద్దు.

నాలుగూ పదికి బస్సు వచ్చింది. చూస్తే పసుపు రంగు కాలేజీ బస్సు. ఆ బస్సు పర్మిట్ ఆ కాలేజీ పిల్లలను తిప్పుకోవడానికే తప్ప బాడుగకు తిప్పడానికి కాదు. బండి కాగితాల వివరాలు చూపించే ఎంపరివాహన్ యాప్‌లో నంబరు కొట్టాను. ఎఫ్‌సీ, అంటే బండి తిరగడానికి పనికొస్తుందని ఇచ్చే ఫిట్‌నెస్ సర్టిఫికెట్, గడువు అయిపోయి 23 రోజులైంది. ఎనిమిదేళ్లు దాటిన బండికి ఏటా ఎఫ్‌సీ చేయించాలి. వీళ్లు చేయించలేదు. ఆపరేటర్‌కు ఫోన్ చేస్తే “కాయితాలు ఎవురు చూస్తారన్నా, ఆదివారం దాకా ఎవురూ ఆపరు” అన్నాడు. ఆపేవాళ్ల సంగతి కాదు నేనడిగింది. జరగరానిది జరిగితే, ఇలాంటి బండి విషయంలో ఇన్సూరెన్సు వాళ్లు తప్పించుకోవడానికే చూస్తారు. అప్పుడు ఆ తల్లిదండ్రులకు ఎవరు సమాధానం చెప్పాలి?

లోపలికి ఎక్కి చూశాను. ఎమర్జెన్సీ డోరుకు అడ్డంగా అదనంగా ఒక సీటు బిగించి ఉంది. 2025 అక్టోబరులో కర్నూలు దగ్గర చిన్నటేకూరులో బస్సు కాలిపోయిన తర్వాత నా మూడు బండ్లలో తలుపులన్నీ తీసి చూసుకున్నాను, అద్దాలు పగలగొట్టే సుత్తులు కొని కిటికీల పక్కన పెట్టించాను. అలాంటిది ఇప్పుడు ఈ సీటు చూస్తూ నిలబడ్డాను.

అయినా నిజం చెబుతున్నాను, అప్పటికి కూడా వద్దనే మాట నా నోటి నుంచి రాలేదు.

గేటు దగ్గర ఆడపిల్లలు చీరలు కట్టుకుని, మల్లెపూలు పెట్టుకుని ఎండలో నిలబడి ఉన్నారు. మగపిల్లలంతా ఒకే రంగు చొక్కాలు కుట్టించుకున్నారు. ఒక తండ్రి వచ్చి “పద్నాలుగు కిలోమీటర్లే కదండీ, పోనీండి” అన్నారు. ఇంకొకాయన ఎఫ్‌సీకి ఇంత రాద్ధాంతం ఎందుకన్నారు. ప్రిన్సిపాల్ మేడమ్ ఏమీ అనకుండా నా మొహమే చూస్తున్నారు. నాలుగున్నర అయింది. మెల్లగా పోనిస్తే ఏమవుతుందిలే అనుకున్నాను. ఆ సీటు విప్పించేస్తే చాలనుకున్నాను. ఎక్కండి బాబూ అన్నాను కూడా. ఏడుగురు పిల్లలు ఎక్కారు.

డ్రైవరుకు దారి చెబుదామని ముందుకు వెళ్లాను. స్టీరింగ్ మీద తల వాల్చి ఉన్నాడు. ఇరవై ఐదేళ్లు కూడా ఉండవు. ఎప్పుడు నిద్రపోయావని అడిగాను. “నిన్న రాత్రి తిరుపతి పెళ్లి ట్రిప్పు సార్. పొద్దున దిగినా. మళ్లీ పదింటికి కావలి పోయొచ్చినా” అన్నాడు. కళ్లు ఎర్రగా ఉన్నాయి. పిల్లలను మళ్లీ రాత్రి తొమ్మిదికి, ఆ చీకటి రోడ్డులో వెనక్కి తేవాల్సింది కూడా ఇతనే.

ఎక్కిన ఏడుగురినీ దించేశాను. ఆ డ్రైవరు చేతిలో మూడు వందలు పెట్టి, ఎక్కడైనా బండి ఆపి పడుకోమని పంపించాను. ఒక తండ్రి నా మీద గట్టిగానే అరిచారు. ఆయన స్థానంలో ఉంటే నేనూ అరిచేవాణ్ణేమో. కానీ మళ్లీ అదే బస్సు, అదే డ్రైవరు వస్తే మళ్లీ అదే చేస్తాను. దీని మీద నాతో ఎవరూ వాదించవద్దు.

తర్వాత జరిగింది మీకు తెలిసిందే. మేడమ్ చెప్పినట్టు ముందు 54 మంది ఆడపిల్లలనూ ఐదుగురు టీచర్లనూ మూడు బండ్లలో పంపాం. పీఈటీ సారు మగపిల్లలతో ఉండిపోయారు. ఆత్మకూరు బస్టాండు అండర్‌బ్రిడ్జి దగ్గర ఆ సమయంలో ట్రాఫిక్ ఎలా ఉంటుందో నెల్లూరు వాళ్లకు చెప్పనక్కరలేదు. అది దాటి, ట్రంకు రోడ్డు దాటి, మైపాడు గేటు మీదుగా పోవాలి. బండ్లు వెళ్లి, తిరిగి వచ్చేసరికి ఆరుంబావు. ఈలోపు నేను పదకొండు మందికి ఫోన్లు చేశాను. అందరి బండ్లూ పెళ్లిళ్లలోనే. ఆర్టీసీ బస్సు బాడుగకు తీసుకోవాలంటే ముందుగా డిపాజిట్ కట్టి బుక్ చేసుకోవాలి, అప్పటికప్పుడు కుదరదు. ఆటోలు పెట్టమని కొందరన్నారు. ముగ్గురు ఎక్కాల్సిన ఆటోలో ఏడుగురిని కుక్కి ఆ రోడ్డులో పంపడం నావల్ల కాదన్నాను.

ఆ 38 మంది పిల్లలు నన్ను ఒక్క మాట అనలేదు. కూల్‌డ్రింకులు తెప్పిస్తే తాగారు. ఒకబ్బాయి మాత్రం రెండుసార్లు వచ్చి “అంకుల్, మాదే ఫస్ట్ డాన్స్, ఆపుతారా?” అని అడిగాడు. హాలుకు ఫోన్ చేయించాను. వాళ్ల ఐటమ్ చివరికి మార్చారు. ఏడింటికి హాలు చేరారు. తొమ్మిదింటికి సౌండు ఆపేయాల్సి రావడంతో మూడు పాటల డాన్స్ ఒక పాటకు కుదించారు. గ్రూపు ఫోటో వెలుతురు ఉండగానే ఆడపిల్లలతో తీసేశారు. ఈ బ్యాచ్ అంతా ఒకచోట ఉన్న ఫోటో స్టేజీ మీద చీకట్లో తీసిందొక్కటే. తిరుగు ప్రయాణం కూడా రెండు విడతలే. చివరి బండి స్కూలుకు వచ్చేసరికి పదకొండు. గేటు బయట బైకుల మీద తల్లిదండ్రులు కాచుకుని ఉన్నారు.

నా తప్పు ఎక్కడుందో కూడా చెప్పాలి. జనవరిలో అడ్వాన్సు కట్టినప్పుడు ఏ బస్సు పంపుతావని అడగలేదు, నంబరు తీసుకోలేదు. శుక్రవారం ఫోన్ చేస్తే “బండి రెడీ అన్నా” అన్నాడు, సరేనని పెట్టేశాను. నా బండ్లకైతే ముందు రోజు రాత్రి టైర్లు, స్టెప్నీతో సహా నేనే చూసుకుంటాను. పక్కవాడి బండిని మాట మీద వదిలేశాను. ముహూర్తాల రోజున మాట నిలబడదని ఈ వ్యాపారంలో ఉన్న నాకు తెలియాలి.

ఇచ్చిన బాడుగలో 12,000 సోమవారం స్కూలుకు తిరిగి ఇచ్చేశాను. మేడమ్ వద్దన్నారు, టేబుల్ మీద పెట్టి వచ్చాను. ఆపరేటర్ నా అడ్వాన్సు ఇంకా తిరిగి ఇవ్వలేదు. అడగను. అతని బస్సు ఇక ఎక్కించను.

ఇకపై బయట బండి పెట్టాల్సి వస్తే, మూడు రోజుల ముందే దాని నంబరు, ఎఫ్‌సీ, పర్మిట్, ఇన్సూరెన్సు కాగితాల ఫోటోలు మీ ఫోన్‌కు వస్తాయి. ఆ బండి ముందు రోజు రాత్రే మా షెడ్డుకు రావాలి, డ్రైవరు మా దగ్గరే పడుకోవాలి. దీనికి ఒప్పుకోని ఆపరేటర్ నాకు అక్కర్లేదు. ముహూర్తాల రోజుల్లో నా 60 సీట్లకు మించి ఒక్క సీటు కూడా ఒప్పుకోను. ఇందువల్ల కొందరికి కాదని చెప్పాల్సి వస్తుంది. ఇప్పటికే మార్చిలో ఒక పెళ్లి బుకింగు వదులుకున్నాను. పదేళ్లుగా వస్తున్న కుటుంబం. అడ్వాన్సు వెనక్కిచ్చి, చేతులు పట్టుకుని చెప్పాను. వాళ్లకు కోపం వచ్చింది. ఎండాకాలం తిరుపతి, పెంచలకోన ట్రిప్పులకు మాట్లాడుకున్నవాళ్లు టెన్షన్ పడవద్దు, అవన్నీ సొంత బండ్లే. బాడుగ చెప్పినదే, పెంచను.

ఇక ఆ 38 మంది పిల్లల విషయం. పరీక్షలు అయిపోయాక వచ్చే మొదటి ఆదివారం వాళ్లను మైపాడు బీచ్‌కు తీసుకెళ్తానని మేడమ్‌కు చెప్పాను. బాడుగ లేదు, టిఫిను నాదే. పీఈటీ సారు, ఇంకో ఇద్దరు సార్లు వస్తామన్నారు. అక్కడ డాన్స్ మూడు పాటలకూ వేసుకోవచ్చని ఆ అబ్బాయికి చెప్పమన్నాను. తల్లిదండ్రులు సంతకం చేసిన కాగితం స్కూల్లో ఇస్తే చాలు. మినీ బస్సు, ఒక ట్రావెలర్, రెండూ నావే. బయల్దేరేది పొద్దున ఆరింటికి. బండ్లు ఐదున్నరకే గేటు దగ్గర ఉంటాయి.