రైలు పెట్టె కొనేముందు రాజ్‌విహార్ మలుపు చూడండి సార్

పురపాలక శాఖ మంత్రి గారికి,

నమస్కారం సార్. కర్నూలుకు మెట్రో అడిగే స్తోమత మాకు లేదని తెలుసు. కానీ చిన్న నగరాల కోసం కేంద్రం 2019లోనే మెట్రోలైట్ ప్రమాణాలు ఇచ్చింది కదా, రోడ్డు మట్టంలో నడిచే ఆ లైట్ రైలు గురించి మన ఊరికీ ఆలోచించండి. ఎప్పుడైనా టెండరు పిలిస్తే మాత్రం ముందు పెట్టె సంగతి తేల్చండి.

లో-ఫ్లోర్ పెట్టెలే కావాలి. వాటి నేల పట్టాల మీంచి 30-35 సెంటీమీటర్లే ఉంటుంది, ప్లాట్‌ఫారం ఫుట్‌పాత్ అంత ఎత్తుంటే చాలు, పెద్దాసుపత్రికి వచ్చే ముసలివాళ్లు మోకాళ్లు పట్టుకుని మెట్లెక్కే బాధ ఉండదు. ఈ పెట్టెలు ముక్కలు ముక్కలుగా అతికి ఉంటాయి కాబట్టి 25 మీటర్ల వ్యాసార్ధం ఉన్న మలుపులోనూ తిరుగుతాయి. రాజ్‌విహార్ సెంటర్, కొండారెడ్డి బురుజు చుట్టుపక్కల సందులు చూసినవాళ్లకు ఇదెంత ముఖ్యమో అర్థమవుతుంది. బురుజు ముందు రైలుకు కరెంటిచ్చే తీగలు వేలాడదీయొద్దు, ఆ కాస్త దూరం బ్యాటరీతో నడిచే రకాలు ఇప్పటికే ఉన్నాయి.

ఏసీ మన మే నెల ఎండకు తగ్గట్టు అడగండి, యూరప్ లెక్కలు ఇక్కడ పనికిరావు. స్పేర్ పార్టుల ఒప్పందం కూడా పెట్టెలతోపాటే రాయించుకోండి సార్, తర్వాత అడిగితే పెట్టెలు అమ్మినవాళ్లు చెప్పిందే ధర.

ఇట్లు,
కర్నూలు వాసి