పసిపిల్లల కన్ను ముందుకొస్తే చుక్కల మందుతో సరిపెట్టొద్దు

సంపాదకులకు,

పిల్లవాడి ఒక కన్ను ముందుకు పొడుచుకొస్తే, కండ్లకలక అనో, ఆటలో దెబ్బ తగిలిందనో చుక్కల మందు రాసి వారం ఆగమనడం ఇంకా చూస్తున్నాం. ఆ వారమే ప్రమాదం.

ఎక్కువ మందిలో కారణం సైనస్ నుంచి కంటిగూటిలోకి పాకిన ఇన్‌ఫెక్షనే. జ్వరం, నొప్పి, ఎరుపు ఉంటాయి, కనుగుడ్డు సరిగా కదలదు. అదీ చిన్న జబ్బు కాదు, ఆసుపత్రిలో చేర్చి నరంలోకి యాంటీబయాటిక్ ఎక్కించాల్సిందే. జ్వరం లేకపోయినా, 48 గంటల మందుకు వాపు తగ్గకపోయినా అరుదైన జబ్బులను వెతకాలి.

అన్నిటికంటే మోసం చేసేది ర్యాబ్డోమయోసార్కోమా అనే, పిల్లల్లో వచ్చే క్యాన్సర్. రోజుల్లోనే పెరుగుతుంది, కన్ను ఎర్రబడుతుంది. ఈమధ్యే పడ్డాడని ఇంట్లోవాళ్లు చెబితే అందరి చూపూ దెబ్బ మీదికే పోతుంది. దెబ్బ తగలకుండానే రెండు కళ్ల చుట్టూ కమిలితే పొట్ట నొక్కి చూడాలి. న్యూరోబ్లాస్టోమా అనే, పసిపిల్లల్లో వచ్చే నరకణాల క్యాన్సర్ చాలాసార్లు కిడ్నీ పైనున్న గ్రంథిలో పుట్టి కంటి ఎముకలకు పాకుతుంది. రక్త క్యాన్సర్ కూడా కంటి వెనుక గడ్డగా బయటపడొచ్చు. అందుకే ఏ గడ్డనైనా కోసేముందు రక్తకణాల లెక్క, స్మియర్ (రక్తపు చుక్కను గాజు పలకపై పరచి మైక్రోస్కోప్‌లో చూసే పరీక్ష) చూడాలి. అవి మామూలుగా ఉన్నంత మాత్రాన ఆ జబ్బు లేదని కాదు. ఫోటోలో కంటిపాప తెల్లగా మెరిస్తే రెటినోబ్లాస్టోమా, అంటే కంటి లోపలి రెటీనా పొరలో పుట్టే క్యాన్సర్ అనుమానం. ఆ కంట్లో సూది గుచ్చి ముక్క తీయకూడదు, క్యాన్సర్ బయటికి పాకుతుంది. మెల్లగా ముందుకొస్తున్న కన్నుతోపాటు ఒంటిమీద 5 మిల్లీమీటర్లకు మించిన లేత గోధుమ మచ్చలు ఆరో అంతకంటే ఎక్కువో ఉంటే, కంటినరం గడ్డ కోసం ఎంఆర్‌ఐ తీయించాలి.

రెండు కళ్లనూ పోల్చి చూడటం తేలికే. పిల్లను కూర్చోబెట్టి, వెనుక నిలబడి, తల కొంచెం వెనక్కి వంచి, కనుబొమల మీదుగా కిందికి చూడాలి. ఒక గుడ్డు ముందుకుంటే తెలిసిపోతుంది. ఎదురుగా చూస్తే రెప్ప వాలిన రెండో కన్ను మనల్ని పొరబడేలా చేస్తుంది. రెప్ప పూర్తిగా మూతపడకపోతే నల్లగుడ్డు ఎండి పుండు పడుతుంది. పెద్దాసుపత్రికి చేరేలోపు కంటి ఆయింట్‌మెంట్ రాస్తూ ఉండాలి. ఆకు పసరు, ఆముదం వద్దేవద్దు.

అంగన్‌వాడీ పిల్లలను ఏటా రెండుసార్లు చూసే ఆర్‌బీఎస్‌కే (రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం) ప్రభుత్వ వైద్య బృందాలకు ఈ పరీక్ష నేర్పించాలి. అనుమానం వస్తే వచ్చే క్యాంపు దాకా ఆపకుండా, స్కానింగ్, కంటి వైద్యుడు, పిల్లల వైద్యుడు అన్నీ ఒకేచోట దొరికే ఆసుపత్రికి అదే రోజు పంపాలి. మత్తిచ్చి స్కాన్ తీయాల్సి రావొచ్చు కాబట్టి, ఎన్ని గంటల ముందు నుంచి ఏమీ పెట్టకూడదో బయల్దేరేముందే తల్లి అడిగి తెలుసుకునేలా చీటీ మీద రాసివ్వాలి.

— పిల్లల కంటి వైద్యులు, కర్నూలు