మంత్రి గారూ, మా బావ అక్కడ పని చేశాడని ఎవరు రుజువు చేయాలి?

గౌరవనీయులైన తెలంగాణ రాష్ట్ర కార్మిక శాఖ మంత్రి గారికి నమస్కారాలు.

పనిలో పడిపోయిన మా బావకు పరిహారం ఇప్పించమని ప్రజావాణిలో ఇచ్చిన దరఖాస్తులకు రసీదులు వచ్చాయి. రసీదులకు ఏ లోపమూ లేదు, ముద్ర కూడా చక్కగా పడింది. మీ పేషీకి పంపిన రిజిస్టర్ పోస్టు అందిందని తపాలా శాఖ వారు చెప్పారు. ఆ తరువాత ఎవరూ ఏమీ చెప్పలేదు. అందుకే ఈసారి నలుగురూ చదివేలా రాస్తున్నాను.

మా బావ సెంట్రింగ్ పని చేస్తాడు. చేసేవాడు అనాలేమో. 2025 ఎండాకాలంలో నల్లగొండలో కడుతున్న ఒక అపార్ట్‌మెంట్ మూడో అంతస్తులో సెంట్రింగ్ విప్పుతుండగా కాలి కింద కర్ర జారింది. బెల్టు లేదు, కింద వల లేదు. ఇసుక కుప్ప మీద పడ్డాడు కాబట్టి ప్రాణం దక్కింది. వెన్నుపూస విరిగింది, నడుము కింది భాగం చచ్చుబడింది. వయసు నలభై.

నేను దేవరకొండలో జిరాక్స్ దుకాణం పెట్టుకుని, అడ్డా కూలీలకు లేబర్ కార్డు దరఖాస్తులు నింపి పెడుతుంటాను. 110 రూపాయల చలానా దగ్గర నుంచి తొంభై రోజుల పని ధ్రువీకరణ దాకా అన్నీ నా చేతి మీదుగా పోయేవే. కాబట్టి దయచేసి మాకు అవగాహన సదస్సు మాత్రం పెట్టించకండి. పరిహారం లెక్క నాకు తెలుసు. వేతనం ఎంతయినా నెలకు 15,000 వరకే లెక్కలోకి తీసుకుంటారు. పూర్తి వైకల్యానికి అందులో 60 శాతం, అంటే 9,000. దాన్ని హెచ్చించాల్సిన గుణకం నలభై ఏళ్ల వయసుకు 184.17. మొత్తం 16,57,530 రూపాయలు. వైద్యం ఖర్చులు వేరే. నెలలోగా ఇవ్వకపోతే 12 శాతం వడ్డీ, సరైన కారణం లేకుండా ఆలస్యం చేస్తే బాకీలో సగం దాకా జరిమానా. 1923లో తెల్లదొరలు చేసిన కార్మికుల పరిహారం చట్టం ఇది. కూలీ పక్షాన ఇంత లెక్క వాళ్లు కూడా వేశారు.

ఆ లెక్క దాకా మమ్మల్ని ఇంకా రానివ్వలేదు. మీ కార్మిక శాఖ కార్యాలయంలో మొదటి ప్రశ్న దగ్గరే ఆపేశారు. ‘ఆయన అక్కడ పని చేసినట్టు ఆధారం ఏమిటి?’

ఆధారం! ఆ రోజు ఆసుపత్రిలో రాసిన చీటీ నా దగ్గర ఉంది. ‘ఇంటి వద్ద నిచ్చెన పైనుంచి జారిపడినట్లు చెప్పారు’ అని ఉంది అందులో. ఎవరు చెప్పారు? బావకు స్పృహ లేదు. మా అక్క అప్పటికి ఇంకా బస్సులో ఉంది. తీసుకొచ్చినవారు అన్న చోట సైటు సూపర్‌వైజర్ పేరు ఉంది, పక్కన సంబంధం అన్న చోట ‘స్నేహితుడు’ అని ఉంది. బిల్డరేమో ఈ మనిషిని ఎప్పుడూ చూడలేదంటున్నాడు. చూడని మనిషిని అతని సూపర్‌వైజర్ సొంత కారులో ఎక్కించుకుని ఎందుకు తెచ్చాడో అడగండి అంటే, మీ కార్యాలయం వారు ‘అది పోలీసుల పని’ అన్నారు. పోలీసులు చీటీ చూసి, ఇంటి దగ్గర పడితే మాకేం పని అన్నారు.

హాజరు పట్టీ తెమ్మన్నారు. సైట్లలో హాజరు పట్టీ ఎలా ఉంటుందో మీ అధికారులకు తెలియదా? మేస్త్రీ జేబులో చిన్న నోటుపుస్తకం ఉంటుంది. అందులో పేర్లుండవు. ‘సెంట్రింగ్ 6, రాడ్ 4’ అని అంకెలుంటాయి. ఆ ఆరుగురిలో మా బావ ఎన్నో వాడో నేనెలా చూపించను? కూలీ డబ్బులు ఫోన్‌పేలో పడ్డాయి కదా అని ఆ వివరాలు ప్రింటు తీసి ఇచ్చాను. ‘ఇవి మేస్త్రీ పంపినవి, బిల్డర్ పంపినవి కావు’ అని తిప్పి ఇచ్చారు. గుత్తకు ఇచ్చి పని చేయించుకున్నా అసలు యజమానే బాధ్యుడని అదే చట్టం 12వ సెక్షన్‌లో ఉందని చెప్పాను. ‘మీరు లాయరా?’ అని అడిగారు. కాదు సార్, జిరాక్స్ దుకాణం.

పనివాళ్ల రిజిస్టరు ఉంచాల్సింది యజమాని. ఉంచకపోతే తప్పు యజమానిది. ఉంచాడో లేదో తనిఖీ చేయాల్సింది మీ శాఖ. ఈ ఇద్దరూ చేయని పనికి శిక్ష మాత్రం మంచంలో ఉన్న మనిషికి. ఇదెక్కడి న్యాయమండీ?

ఆ భవనం అసలు మీ దృష్టిలోనే లేదంటే ఒప్పుకునేవాడిని. కానీ ఉంది. అనుమతి ఇచ్చేటప్పుడే నిర్మాణ ఖర్చులో ఒక శాతం కార్మిక సెస్సు వసూలు చేస్తారు. ఎన్ని అంతస్తులో, ఎంత విస్తీర్ణమో, యజమాని ఎవరో అన్నీ ఆ కాగితాల్లోనే ఉంటాయి. కూలీ పేరు మీద డబ్బు వసూలు చేసేటప్పుడు కనిపించిన భవనం, కూలీ పడిపోయాక కనిపించకుండా పోయింది. అక్కడ పని చేసేది తొమ్మిది మందేనని, పది మంది లేరు కాబట్టి 1996 నాటి భవన నిర్మాణ కార్మికుల చట్టం వర్తించదని బిల్డర్ తరఫు మనిషి వాదించాడు. స్లాబు పోసిన రోజు ఎవరైనా వచ్చి కాంక్రీటు కలిపే మిల్లర్ చుట్టూ ఉన్నవాళ్లను లెక్కపెట్టుకుని ఉంటే సరిపోయేది. అయినా పరిహారం చట్టానికి ఆ పది మంది లెక్కతో పనే లేదు. ఆ మాట చెప్పాల్సిన అధికారి నావైపు చూశారు.

భవన నిర్మాణ కార్మికుల సంక్షేమ బోర్డు సాయం తీసుకోవచ్చు కదా అని ఇంకొక సలహా. ప్రమాద మరణానికి బోర్డు ఇచ్చే 6 లక్షలను 10 లక్షలు చేశామని సదస్సుల్లో చెబుతున్నారు. సంతోషం. మా బావ చచ్చిపోలేదు, ఏం చేస్తాం. వైకల్యానికి కూడా బోర్డు సాయం ఉంది, దానికి దరఖాస్తు పెట్టాం, సదరం ధ్రువపత్రం కోసం స్లాటు చూస్తున్నాం. కానీ అది సంక్షేమం. పరిహారం బిల్డర్ పడ్డ బాకీ. రెండింటినీ ఒకే గాటన కట్టి, అది వస్తుంది కదా, ఇది వదిలేయండి అనడం ఎవరి మేలుకోరి?

ఇక బాండ్ పేపర్ సంగతి. మేస్త్రీ మా ఇంటికి రెండు లక్షలు తెచ్చాడు, వంద రూపాయల బాండ్ పేపర్ కూడా తెచ్చాడు. ‘మానవతా దృక్పథంతో ఇచ్చిన ఈ మొత్తం తీసుకుని, ఇకపై ఎలాంటి క్లెయిమూ చేయబోము’ అని టైపు చేసి ఉంది. మా అక్క పేరు కింద వేలిముద్ర కోసం గడి కూడా గీసి ఉంది. ఆమె పదో తరగతి చదివింది. పరిహారం హక్కు వదులుకుంటున్నట్టు రాయించుకునే ఏ ఒప్పందమూ చెల్లదని 17వ సెక్షన్ చెబుతోంది. చెల్లని కాగితం మీద సంతకం పెట్టి ‘ఎందుకొచ్చిన గొడవ, రాజీ పడండి’ అని మాకు చెప్పింది ఎవరో తెలుసా? మేస్త్రీ కాదు. మీ కార్యాలయంలోనే కుర్చీలో కూర్చున్న పెద్దమనిషి.

నల్లగొండకు నీళ్లు రావాలని దోమలపెంట దగ్గర తవ్వుతున్న ఎస్‌ఎల్‌బీసీ (శ్రీశైలం ఎడమగట్టు కాలువ) సొరంగం 2025 ఫిబ్రవరి 22న కూలినప్పుడు ఎనిమిది మంది లోపల చిక్కుకున్నారు. మంత్రులు వచ్చారు, సైన్యం వచ్చింది. రెండు నెలల వెతుకులాటలో ఇద్దరి దేహాలే దొరికాయి. ఆ కుటుంబాల దుఃఖంతో మాది పోల్చుకోను. ఒక్కటి మాత్రం అడుగుతాను. ఆ ఎనిమిది మంది పేర్లు, ఊళ్లు మర్నాటికల్లా పత్రికల్లో వచ్చాయి. ఎక్కడో రాసి ఉన్నాయి కాబట్టే వచ్చాయి. ఒక్కొక్కరుగా పడిపోయే మా వాళ్ల పేర్లు ఎక్కడ రాసి ఉన్నాయి? పాలమూరు నుంచి గుంపు మేస్త్రీల వెంట దేశమంతా తిరిగి ఆనకట్టలు కట్టిన తరం పేర్లూ ఎవరూ రాయలేదు. ఇప్పుడు చేతిలో ఫోను ఉన్నా అదే కథ.

ఈ మధ్య కొత్త జవాబు మొదలైంది. 2025 నవంబరు 21 నుంచి పాత కార్మిక చట్టాల స్థానంలో కార్మిక కోడ్‌లు వచ్చాయి కాబట్టి పాత కేసుల సంగతి పైనుంచి స్పష్టత రావాలట. బావ పడింది అంతకు ముందు. పడిన రోజు ఉన్న చట్టం అతనికి వర్తించాలి కదా. క్లెయిమ్ పెట్టడానికి కూలీకి రెండేళ్ల గడువు, ఒక్క రోజు దాటినా క్షమాభిక్ష అడుక్కోవాలి. మూడు నెలల్లో తేల్చాలని అదే చట్టం క్లెయిమ్ విచారించే కమిషనర్‌కు పెట్టిన గడువును అడిగే దిక్కు లేదు.

అయ్యా, మేము అడిగేది కొత్త పథకం కాదు. వచ్చే వాయిదాకు ఆ బిల్డర్ చేత పనివాళ్ల రిజిస్టరు తెప్పించండి. లేదంటే లేదని రాయించుకోండి, లేనందుకు చర్య తీసుకోండి. సూపర్‌వైజర్‌ను పిలిపించి, మా బావతో అతనికి స్నేహం ఎప్పుడు కుదిరిందో అడగండి. సెస్సు కట్టిన ప్రతి సైటు దగ్గరికీ నెలకోసారైనా మీ మనిషిని పంపి, ఉన్నవాళ్ల పేర్లు రాయించండి. రాజీ పడమని సలహాలిచ్చే పెద్దమనిషికి 17వ సెక్షన్ కాగితం కావాలంటే చెప్పండి, నా దగ్గర జిరాక్స్ ఉంది, డబ్బులు తీసుకోను.

మా దరఖాస్తు నంబరు ప్రజావాణి రసీదుల మీదా, మీ పేషీకి పంపిన లేఖ మీదా ఉంది. మళ్లీ ఇవ్వమంటే మళ్లీ ఇస్తాను.

ఇట్లు,
భవదీయుడు,
గాయపడిన కార్మికుడి బావమరిది,
దేవరకొండ, నల్లగొండ జిల్లా