ఇక మన షెడ్డులో అన్ని బండ్లకీ ఒకే డ్రమ్ము ఆయిల్ ఉండదు

ముందు డబ్బు సంగతి చెప్పేస్తాను, బిల్లు చూశాక గొడవ పడటం కంటే అది మేలు. ఈ నెల నుంచి మన దగ్గర ఇంజిన్ ఆయిల్ మార్పిస్తే కొన్ని బండ్లకి వందో నూట యాభయ్యో ఎక్కువ అవుతుంది, కొన్నిటికి అసలు తేడా ఉండదు. లేబర్ పెంచలేదు. పెరిగేదంతా సీల్ డబ్బా ఖరీదే, ఎందుకంటే మూలనున్న పెద్ద డ్రమ్ముతో నాకు పని అయిపోయింది.

కావలిలో షెడ్డు పెట్టి పద్నాలుగేళ్లు. ఇన్నేళ్లూ ఆ డ్రమ్ములో 20డబ్ల్యూ-40 అనే గ్రేడు ఆయిల్ తప్ప వేరేది లేదు (ఆయిల్ మందం చెప్పే నంబరది, దాని సంగతి కింద చెబుతాను). స్ప్లెండర్ వచ్చినా అదే, యాక్టివా వచ్చినా అదే, బుల్లెట్ వచ్చినా అదే పోశాను. నాకు పని నేర్పిన మేస్త్రి ఆయిల్‌ని బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య రుద్ది, తీగ సాగితే "ఆ, పొయ్యి" అనేవాడు. ఆయన చేతికి వచ్చిన బండ్లలో చాలావాటికి ఆ మందమే సరిపోయేది, అందుకని ఆయన్ని ఏమీ అనను. ఆ తర్వాత ఇంజిన్లు మారాయి, సీటు కింద కంపెనీవాళ్లు పుస్తకం పెట్టి పంపిస్తున్నారు, నేను మాత్రం ఆ పుస్తకం తీసి చూసిన పాపాన పోలేదు.

మరి ఇప్పుడెందుకు బుద్ధొచ్చిందంటే, ఒక బండిని నా చేత్తోనే పాడు చేశాను. అల్లూరు వైపు రొయ్యల గుంటలు చేసుకునే అన్న ఒకాయన ఉన్నాడు, మేత బస్తా వెనక కట్టుకుని గట్ల మీద తిరిగే బండి ఆయనది. ఆయన వచ్చిన రోజు డ్రమ్ము ఖాళీ. షెల్ఫులో ఎవరిదో కారుకి పోయగా మిగిలిన సింథటిక్ ఆయిల్ ఉంది, 5డబ్ల్యూ-30. ఖరీదైన సరుకు కదా, బండికి మంచే జరుగుతుందిలే అనుకుని పోసి పంపించాను. నాలుగో రోజు ఫోన్. యాక్సిలరేటర్ తిప్పితే ఇంజిన్ అరుస్తుంది గానీ బండి కదలట్లేదు, బస్తాతో గట్టు ఎక్కలేక మధ్యలో ఆగిపోయిందన్నాడు. క్లచ్ స్లిప్. ఆయిల్ దించి సరైనది పోసినా తగ్గలేదు, చివరికి ప్లేట్లు నా డబ్బుతో మార్చి ఇచ్చాను. ఆయన ఒక్క మాట కూడా అనలేదు. తిట్టుంటే తేలిగ్గా ఉండేది.

తప్పు ఎక్కడ జరిగిందో చెబుతాను, ఎందుకంటే ఇంట్లో సొంతంగా ఆయిల్ మార్చుకునే కుర్రాళ్లు కూడా ఇదే చేస్తున్నారు. గేర్ల బైకుల్లో ఇంజినూ, గేర్‌బాక్సూ, క్లచ్చూ దాదాపు అన్నిట్లో ఒకే ఆయిల్‌లో మునిగి ఉంటాయి. కారు క్లచ్ ఆయిల్‌కి దూరంగా పొడిగా ఉంటుంది, కాబట్టి కార్ల పల్చటి ఆయిల్‌లో మైలేజీ కోసం జారుడు పెంచే మందులు కలపొచ్చు. అదే బైకులో పోస్తే పట్టుకోవాల్సిన క్లచ్ ప్లేట్లు కూడా జారతాయి. అందుకే బైకు ఆయిల్ డబ్బా మీద జాసో (జపాన్ వాహన ప్రమాణాల గుర్తు) ఎంఏ అనో ఎంఏ2 అనో ఉందో లేదో చూడాలి. ఎంబీ అని ఉంటే అది గేర్లు లేని స్కూటర్లకి, వాటి క్లచ్ ఆయిల్‌లో ఉండదు. అంటే నంబరు ఒక్కటీ కలిస్తే చాలదు, ఈ అక్షరాలు కూడా కలవాలి.

ఇక నంబరు. 10డబ్ల్యూ-30లో డబ్ల్యూ అంటే వెయిట్ అని నేనూ చాలాకాలం అనుకున్నాను, కాదు, వింటర్. చలిలో ఆయిల్ ఎంత తేలిగ్గా కదులుతుందో మొదటి అంకె చెబుతుంది, దాన్ని పరీక్షించేది మైనస్ డిగ్రీల్లో, 10డబ్ల్యూని మైనస్ 25 దగ్గర, 20డబ్ల్యూని మైనస్ 15 దగ్గర. కావలిలో మనం ఆ చలి ఎప్పుడు చూశాం! రెండో అంకె 100 డిగ్రీల వేడిలో మందం. అంకె పెద్దదైతే మందం ఎక్కువ. "చలి లేని ఊరు కదా, మొదటి అంకెతో మనకేం పని" అని ఒకాయన అడిగాడు, మంచి ప్రశ్నే. రోహిణి కార్తెలో మధ్యాహ్నం 40 డిగ్రీల ఎండలో నిలబెట్టిన బండిలో కూడా, 20డబ్ల్యూ-50 ఆయిల్ 0డబ్ల్యూ-20 కంటే మూడు నాలుగు రెట్లు మందంగా ఉంటుంది. పొద్దున్నే సెల్ఫ్ కొట్టగానే అది ఇంజిన్ పైభాగంలో వాల్వుల్ని కదిపే టాపెట్ల దాకా ఎక్కడానికి ఆ మేరకు ఆలస్యమవుతుంది. ఇంజిన్ అరుగుదలలో పెద్ద వాటా అప్పుడే.

అందరూ అనే మాట ఇంకొకటి: "రోళ్లు పగిలే ఎండలు మనవి, పల్చటి ఆయిల్ నీళ్లయిపోతుంది, మందంది పొయ్యి." కార్లకి ఈ మాట దాదాపు తప్పు. రేడియేటరూ థర్మోస్టాటూ ఉన్న ఇంజిన్‌లో బయట 28 ఉన్నా 44 ఉన్నా, లోపల వేడిలో మరీ అంత తేడా రాదు, ఆ వేడికే కంపెనీ గ్రేడు రాసింది. కొత్త పెట్రోలు కార్లు చాలావాటికి 0డబ్ల్యూ-20, కొన్నిటికి ఇంకా పల్చగా 0డబ్ల్యూ-16 రాస్తున్నారు. వాటి బేరింగుల సందులూ ఆయిల్ పంపూ దానికి తగ్గట్టే చేశారు. అక్కడ 20డబ్ల్యూ-50 పోస్తే ముందు మైలేజీ పోతుంది.

గాలికి చల్లారే బైకుల సంగతి వేరే, అక్కడ ఎండ మాటలో కొంత నిజముంది. బస్తాలేసుకుని ఫస్ట్ గేరులో ఉదయగిరి ఘాట్ ఎక్కే బండికి లోపల వేడి బాగా పెరుగుతుంది. అయినా నా ఊహ కంటే పుస్తకంలో పట్టికే నయం, చాలా పుస్తకాల్లో ఏ వేడికి ఏ గ్రేడు పనికొస్తుందో గీతలు గీసి ఉంటుంది. స్ప్లెండర్‌కీ యాక్టివాకీ 10డబ్ల్యూ-30, కాకపోతే మొదటిదానికి ఎంఏ, రెండోదానికి ఎంబీ. 350 బుల్లెట్‌కి 15డబ్ల్యూ-50. ఈ మూడూ ఒకే డ్రమ్ములోంచి తీశానంటే ఎంత మొండిగా పనిచేశానో చూడండి.

సిగ్గుపడాల్సిన సంగతి ఇంకోటుంది. పాత బండి తడతడమంటూ వస్తే మందం ఆయిల్ పోసి పంపించేవాణ్ణి. సౌండ్ తగ్గేది, "నీ చెయ్యి పడితే చాలబ్బా" అని మెచ్చుకునేవాళ్లు. తగ్గింది సౌండ్ మాత్రమే. లోపల పిస్టన్ రింగులు అరిగి ఆయిల్ తాగుతున్న బండి అలాగే తాగుతూ ఉంటుంది, ఆరు నెలలకి సిలిండర్ బోరు పని తప్పదు. ఇప్పుడే అంత డబ్బు పెట్టలేం అంటే ఇకమీదట కూడా ఒక మెట్టు మందంది పోస్తాను, అందులో తప్పు లేదు, కానీ ఇది రిపేరు కాదు అని మొహం మీదే చెప్పి పోస్తాను. ఆయిల్ కాలుతున్న గుర్తుగా నీలం పొగ వస్తుంటే అదీ చెబుతాను.

డీజిల్ గురించి ఎక్కువ రాయను. బీఎస్6 కాలుష్య నిబంధనల ప్రకారం చేసిన డీజిల్ కార్లకి, అంటే 2020 ఏప్రిల్ తర్వాత వచ్చినవాటికి, సైలెన్సర్ దారిలో మసి పట్టే ఫిల్టర్ ఉంటుంది, బూడిద తక్కువ వదిలే ఆయిలే పడాలి. పుస్తకంలో రాసిన డబ్బా మీరే తెచ్చినా సరే, ట్రాక్టర్‌కి పోసే ఆయిల్ మాత్రం దాంట్లో పోయమని నన్ను అడగొద్దు.

ఇన్నాళ్లూ నా దగ్గర డ్రమ్ము ఆయిల్ పోయించుకున్న స్కూటర్లవాళ్లు టెన్షన్ పడొద్దు. ఇంజిన్ పోదు, కాస్త మైలేజీ పోయుంటుంది, ఆ పెట్రోలు లెక్క నా ఖాతాలో రాసుకోండి. ఈసారి వచ్చినప్పుడు సరైనది పోస్తాను. పుస్తకం తెచ్చుకోండి, పోయిందంటే బండి మోడలూ సంవత్సరమూ చెప్పండి, చూసి పెడతాను. ఇంట్లో లెవెల్ చూసుకునేవాళ్లకి ఒక మాట: సమంగా ఉన్న నేల మీద సెంటర్ స్టాండ్ వేసి, చాలా హోండా, హీరో బండ్లలో డిప్‌స్టిక్‌ని మర తిప్పకుండా ఊరికే ఆనించి చూడాలి. బిగించి చూస్తే ఉన్నదానికంటే ఎక్కువ కనిపిస్తుంది.

డ్రమ్ము కావాలని ఇప్పటికే ముగ్గురు అడిగారు, ఒకాయన నీళ్లు పట్టుకోవడానికట. ఇవ్వను. దించిన ఆయిల్ అందులోనే పోసి, నిండాక పాత ఆయిల్ కొనేవాళ్లకి ఇస్తాను, సెంట్రింగ్ చెక్కలకి కావాల్సినవాళ్లు డబ్బా తెచ్చుకోండి.